చాటెడు తవుడు

ఏప్రిల్ 22, మంగళవారం

పడుతోందా? పడుతోంది.

నేను నోరు తెరిస్తే చాలు, చీమలు బారు కట్టినట్టు అక్షరాలు వచ్చి పడుతున్నాయి. నేనాగితే అవీ ఆగుతున్నాయి. దగ్గితే మాత్రం పట్టించుకోవడం లేదు. అడ్డు రాకుండా నా మాట వినే మనిషి కోసం డెబ్బై ఒక్క ఏళ్లు చూశాను. చివరికి దొరికింది. తూకం వేస్తే కిలో ఉంటుందేమో.

పర్వీన్ తెచ్చిచ్చింది. నా కూతురి కూతురు. తెనాలిలోనే ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపులో పని. ఎవరో అమ్మేసిన పాతది, చిన్నది, మీటలు నాలుగు ఊడాయి, కొనేవాళ్లు లేరు. "నానీ, నీకు మీటలెందుకు, నోరుందిగా" అని ఒళ్లో పెట్టింది.

దీని నడుం విచిత్రం. తెరిస్తే పెట్టె. ఇంకా వెనక్కి తోస్తే రొట్టెల పీటలా బల్లపరుపుగా పడుకుంటుంది. ఇంకా తోస్తే మీటలన్నీ వీపు కిందకి పోయి పలక అవుతుంది. మధ్యలో ఆపితే గుడారంలా నిలబడుతుంది. నా నడుం వీటిలో ఒక్కటీ చేయలేదు. చిన్నప్పుడు నాకు పలక కొనిపెట్టిన వాళ్లు లేరు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది చదువుకున్న పలక. రాసింది తిరిగి చదవమంటే చదువుతుంది కూడా. ఆడగొంతు. నేను ఎంత కోపంగా చెప్పినా అది చల్లగా చదువుతుంది.

ఇక కేసు.

నేను లాల్ బీని. గౌస్ మొహిద్దీన్ భార్యను. ఒక్కడికే భార్యను. ఈ మాట ముందు పడాలి. ఎందుకంటే రేపల్లె ఆఫీసు బయట అర్జీలు టైపు చేసే బర్నబాస్ పోయిన వారం నాకొక కాగితం కొట్టిచ్చాడు. వేలిముద్ర వేశాను. ఇవాళ పర్వీన్ ఆ కాగితాన్ని ఈ పలకతో ఫొటో తీసి చదివించింది. "కీర్తిశేషులు పోతురాజు గారి రెండవ భార్యనైన లాల్ బీ అను నేను సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అంది ఆ ఆడగొంతు.

రెండో భార్యనట! పైగా సవినయముగానట!

ఇన్నేళ్లలో ఎన్ని కాగితాల మీద వేలు ఒత్తానో, వాటిలో నన్ను ఎవరెవరికి పెళ్లాన్ని చేశారో. ఇక నా కేసు నేనే చెప్పుకుంటాను.

ఏప్రిల్ 23

నిన్న కోపంలో అసలు సంగతి చెప్పలేదు. "పరాయివాళ్లకి చెప్పినట్టు మొదట్నుంచీ చెప్పు నానీ. ఆఫీసులో వాళ్లకి నీ ఊరు తెలియదు, నీ తవుడు తెలియదు" అంది పర్వీన్. సరే.

ముప్పై తొమ్మిదేళ్ల కిందట మేం అడవులదీవిలో ఉండేవాళ్లం. మా ఆయన పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. పక్కిల్లు పోతురాజుది. సముద్రం మీద వేట. అతని పెళ్లాం మహాలక్ష్మికి ముగ్గురు పుట్టారు, ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోసారి నొప్పులు మొదలవగానే వాళ్లత్త వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. "బూబమ్మా, పుట్టింది పుట్టినట్టు నువ్వు కొనుక్కోవాలి."

పోయే పిల్లల్ని నిలబెట్టుకోవడానికి మా వైపు అదే పద్ధతి. బిడ్డని చాటలో వేసి పరాయి ఆడదానికి అమ్మేస్తారు. వెల, చాటెడు తవుడు. ఆ క్షణం నుంచి బిడ్డ ఆ తల్లిది కాదు. చావు మళ్లీ ఆ గుమ్మంలోకి వచ్చి మహాలక్ష్మి బిడ్డ ఏడీ అని అడిగితే, మహాలక్ష్మికి బిడ్డే లేడు. ఉన్నది సాయిబులింటి బిడ్డ.

మా గేదె కోసం ఉంచిన తవుడు చాటెడు కొలిచి ఇచ్చాను. వాడిని ఎత్తుకున్నాను. దర్గాకి మొక్కి మస్తాన్‌రావు అని పేరు పెట్టాను. ఆ పైన వాడిని మహాలక్ష్మి ఒళ్లో వేసి, "నా బిడ్డకి నీ పాలిచ్చి పెంచవే అమ్మాయ్" అన్నాను. పద్ధతి ప్రకారం అలాగే అనాలి. మాటలు వచ్చాక వాడు నన్ను అమ్మా అన్నాడు. కన్నదాన్ని అక్కా అన్నాడు. ఇవాళ్టికీ అంతే.

మరి తప్పు ఎక్కడ పడింది? పుట్టిన పిల్లల్ని పుస్తకంలో ఎక్కించే నర్సమ్మ వచ్చింది. ఎవరి బిడ్డ అంది. మహాలక్ష్మి వణికిపోతూ "లాల్ బీ బిడ్డండి" అంది. చావు చెవులు కిటికీలోనే ఉంటాయి కదా, ఇంకేమంటుంది. నేనూ "నా బిడ్డే" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. తండ్రి ఎవరు అంది నర్సమ్మ. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న పోతురాజు మీసం దువ్వుకుంటూ లేచి, "నేనేనండీ!" అన్నాడు.

మగాడు ఆ మాత్రం ఆగలేకపోయాడు. నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఆమె తప్పేముంది.

శివరాత్రి ముందు పోతురాజు పోయాడు. పడవ అతని పేరు మీద ఉంది. దాన్ని నా కొడుకు పేరు మీదికి మార్చాలంటే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. దానికోసం నా కొడుకు, ఉండబట్టలేక, పుట్టిన పుస్తకం నకలు తీయించి తనే తీసుకెళ్లి ఇచ్చాడు. అందులో తల్లి లాల్ బీ, తండ్రి పోతురాజు. గుమాస్తాలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారట.

ఇప్పుడు వేట నిషేధం. జూన్ పద్నాలుగు దాకా సముద్రం మీదికి ఎవరూ పోకూడదు. పదిహేనో తారీఖున పడవలన్నీ ఒక్కసారి దిగుతాయి. ఆ రోజు నా కొడుకు పడవ నీళ్లలోకి దిగాలి. నేను పోతురాజు పెళ్లాన్ని కాదని తేలాలి. రెండూ ఒకే దెబ్బకి.

ఇదీ నా కేసు.

ఏప్రిల్ 25

వేలికి సున్నం ఉంటే ఇది పలకదు. తుడుచుకుంటే పలుకుతుంది. తమలపాకులు మానేయమని పర్వీన్ ఎప్పట్నుంచో పోరుతోంది, ఇప్పుడు దీన్ని కూడా తన వైపు తిప్పుకుంది.

ఏప్రిల్ 28, సోమవారం, బాపట్ల నుంచి వస్తూ రైల్లో

బాపట్ల కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. నా కొడుకు అడవులదీవి నుంచి వచ్చి స్టేషన్లో నిలబడ్డాడు, నేను తెనాలి నుంచి దిగాను. బియ్యం సంచిలో పలక. నిడుబ్రోలు దాటే దాకా ఒళ్లో పెట్టుకుని ఆరుద్ర పురుగు రంగు చీర కట్టిన ఎదుటావిడకి దాని నడుం విద్యలన్నీ చూపించాను. ఆవిడ తన స్టేషన్ దాటిపోయిందని అప్పికట్లలో గోల పెట్టింది.

ఎండలో పలక నల్లబడిపోయి నా మొహమే కనిపించింది. కొంగు కప్పి లోపల దూరి చూస్తే మళ్లీ అక్షరాలు. వరసలో వాళ్లంతా నేను నమాజు చేస్తున్నాననుకుని కొంచెం జరిగి చోటిచ్చారు.

లోపల బల్ల దగ్గర చిన్న వయసు సార్. "ఏంటి మామ్మగారూ ఇది?"

"నా నోరు."

గుడారంలా నిలబెట్టి చదవమన్నాను. "నేను గౌస్ మొహిద్దీన్ భార్యను. ఒక్కడికే భార్యను" అంది చల్లగా. హాలు హాలంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, విన్నారు కదా! అర్జీ పట్టుకుని అరగంట నిలబడితే తలెత్తని వాళ్లు, ఇది నోరెత్తగానే తలెత్తారు.

అంతా విని సార్ అడిగాడు. "మరి ఈ మస్తాన్‌రావు మీకేమవుతాడండీ?"

"కొడుకు."

"పోతురాజు?"

"ఏమీ కాడు!"

"మస్తాన్‌రావుకి?"

"నాన్న."

సార్ పెన్ను కింద పెట్టాడు.

ఒక నంబరు రాసిచ్చి, రేపల్లెలో ఉషశ్రీ మేడమ్‌ని కలవమన్నాడు. బయటికొచ్చాక నా కొడుకు తల గోక్కున్నాడు. "అమ్మా, అక్కడ కూడా కొడుకనే చెప్పావేంటే."

"మరేం చెప్పాలిరా?"

వాడు వెళ్లి చెరుకురసం తెచ్చిచ్చాడు. ఐసు వద్దంటే వద్దనే తెచ్చాడు. గుర్తుంటుంది వాడికి.

మే 6, రేపల్లె

ముందు బర్నబాస్ సంగతి. చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. వాడి ముందు పలక నిలబెట్టి వాడి అర్జీ వాడికే చదివి వినిపించాను.

"మామ్మగారూ, నకల్లో ఏముందో అదే కదా కొట్టాను."

"సవినయముగా అని నకల్లో ఉందట్రా?"

"అది అందరికీ వేస్తాం మామ్మగారూ. ఊరికే వస్తుంది."

"నాకు రాదు."

చుట్టూ ఉన్న జనం నవ్వారు. ఇద్దరు ఆడవాళ్లు వాడి బల్ల మీద నుంచి తమ కాగితాలు తీసుకుని నా దగ్గరికి వచ్చారు, అమ్మా ఇవి కూడా చదివించమని. చదివించాను. ఒకావిడది బాగానే ఉంది. రెండో ఆవిడ ఊరి పేరే వేరే ఊరు. బర్నబాస్ చొక్కా చెమటతో తడిసింది. నాకు ఇరవై ఏళ్ల పిల్లనైపోయినట్టుంది.

లోపల ఉషశ్రీ మేడమ్. నలభై ఉంటాయి, కళ్లజోడు, మాట మెత్తన. నేను, నా కొడుకు, మహాలక్ష్మి ముగ్గురం కూర్చున్నాం. మహాలక్ష్మిని నేను చూసి ఏడాది. బొట్టు లేని నుదురు చూడలేక గోడ మీద క్యాలెండర్ చూశాను.

మేడమ్ నా కొడుకుని అడిగింది. "ఈవిడ ఎవరు?"

"అమ్మండి." నన్ను చూపించాడు.

"ఆవిడ?"

"అక్కండి."

"అక్కా? మీ నాన్నగారి భార్య కదా?"

"అవునండి. అక్కండి."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. అప్పుడు నేను తవుడు సంగతి మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. "మా అమ్మమ్మగారి ఊళ్లో ఒకాయన పేరు తవిటయ్య. ఎందుకో ఇవాళ తెలిసింది" అంది. మంచి మనిషి.

"చూడండి, రేషన్ కార్డు ఒకలా ఉంది, నకలు ఒకలా ఉంది. మీరిద్దరూ రెండు ముక్కలు రాసిస్తే చాలు. అతను మీ కుమారుడు కాడని మీరు. తన కుమారుడేనని ఆవిడ. జూన్ పదకొండు లోపల ఇవ్వండి. పదమూడుకల్లా సర్టిఫికెట్ ఇస్తాను." ఆ సర్టిఫికెట్ చూపిస్తే పడవ పేరు మారుస్తామని చేపల ఆఫీసువాళ్లు ముందే చెప్పి ఉన్నారు.

రెండు ముక్కలు. ఇంతేనా అనిపించింది.

మేడమ్ అక్కడికక్కడే మహాలక్ష్మిని అడిగింది. "చెప్పండమ్మా, మీ అబ్బాయేనా?"

మహాలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత అడిగినా తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

మొండిది. ముప్పై తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, మొండిది. దానివల్లే ఆగుతోంది పని.

మే 7

మహాలక్ష్మి చెప్పకపోతే ఏం. ముందు నాది నేను తయారుగా పెట్టుకుంటాను. ఇందులో చెప్పేస్తే అక్కడ అదే చదువుతుంది, నేను నోరు నొప్పి పెట్టుకోనక్కర్లేదు. రాసుకో. లాల్ బీ అను నేను చెప్పేదేమంటే, అడవులదీవి మస్తాన్‌రావు నా కొడుకు

ఛార్జింగ్ అయిపోయింది.

మే 9

లాల్ బీ అను నేను చెప్పేదేమంటే, మస్తాన్‌రావు నా కొడుకు

నెట్ పోయింది.

మే 12

దీన్ని అడ్డంగా తిప్పితే అక్షరాలు అడ్డంగా, తలకిందులు చేస్తే అవీ తలకిందులు. మంచం మీద పడుకుని పైకెత్తి పట్టుకున్నా తిన్నగానే ఉంటుంది. ఎటు తిప్పినా మన వైపే తిరిగే వస్తువు ఇది! అంగలకుదురు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది, దానికి చూపించాను. దాని చేత రెండు మాటలు చెప్పించి చదివిస్తే సిగ్గుతో మెలికలు తిరిగింది. సాయంత్రం దాకా అదే ఆట.

మస్తాన్‌రావు నా కొడుకు

ఛార్జింగ్.

మే 13

పర్వీన్ షాపు నుంచి వచ్చి పలక చూసింది. "నానీ, నిన్న ఛార్జింగ్ అయిపోలేదు. అరవై శాతం ఉంది."

"అయితే నెట్ పోయింది."

"నా ఫోన్ నెట్ ఇక్కడే ఉంది. ఎక్కడికీ పోలేదు."

"నువ్వు ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తావా, మనుషుల్నా?"

అన్నం వడ్డించి అవతలికి పోయింది.

మే 23, శుక్రవారం

మహాలక్ష్మి ఎందుకు నోరు విప్పడం లేదో నాకు తెలియదని కాదు.

అమ్మిన బిడ్డని తిరిగి కొనుక్కోవడం అని ఒకటుంది. బిడ్డ గండాలు దాటి పెద్దయ్యాక, పెళ్లి ముందు, కన్నతల్లి కొనుక్కున్నామెకి చీర పెట్టి, చాటెడు తవుడు వెనక్కిచ్చి, బిడ్డని తీసుకుంటుంది. అప్పుడు మళ్లీ నా బిడ్డ అనొచ్చు. తవుడు తిరిగి ఇవ్వకుండా అంటే, అన్న నోరు ఊరుకున్నా సముద్రం ఊరుకోదని వాళ్ల నమ్మకం. అందులోనూ వాడు రోజూ పోయేది సముద్రం మీదికే.

వాడి పెళ్లి పద్నాలుగేళ్ల కిందట. మహాలక్ష్మి తవుడు తెచ్చింది. నిజమే. ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది. తర్వాత చూద్దాంలే అన్నాను. తర్వాత మా ఆయన పోయాడు, నేను తెనాలి వచ్చేశాను. అంతే జరిగింది. తలనొప్పి ఎవరికి రాదు.

జూన్ 2, అడవులదీవి

పొద్దున్నే బస్సులో వచ్చాను. పడవ ఒడ్డు మీద ఉంది. నా కొడుకు దానికి నీలం రంగు వేశాడు, అంచుకి పసుపు గీత. కొత్త పెళ్లికూతురిలా ఉంది. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలాడు.

మహాలక్ష్మి ఇంట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నేను పలక తీసి, పని ఎంత తేలికో చెప్పబోయాను. చేతులు కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది.

"ఇది ఎవరు చెప్పినా రాస్తుందా బూబమ్మా?"

"రాస్తుంది."

"అయితే నా వైపు తిప్పు."

తిప్పాను. ఇక్కడి నుంచి మహాలక్ష్మి చెప్పింది. నేను ఒక్క మాట మార్చలేదు.

చెప్పనా? పడతన్నాయా? నా ముగ్గురికీ పేర్లు లేవు. పేరెట్టేదాకా ఉండలేదు. నాలుగోవాడికి పేరు నువ్వు పెట్టావు, సరే. వాడు అమ్మా అని నిన్ను పిలిచాడు, సరే. జ్వరమొస్తే అమ్మా అని నీ ఇంటి వైపు చూసేవాడు, నేను పక్కనే కూర్చుని నుదుటి మీద గుడ్డ వేసేదాన్ని, సరే. బతికాడు కదా, ఏమని పిలిస్తే ఏంటి అనుకున్నా. పెళ్లికి చీర కొన్నాను, పోతురాజు కోటప్పకొండ పోయినప్పుడు తెచ్చిన కొత్త చాటలో తవుడు పోశాను, నెత్తిన పెట్టుకుని మీ గుమ్మంలోకొచ్చాను. తలనొప్పన్నావు. మళ్లీ పొద్దున వచ్చా. తలుపు తియ్యలేదు. లోపల నువ్వు అట్లు పోస్తన్నావు, వాసనొస్తంది. తలనొప్పి మనిషి అట్లు పోస్తదా బూబమ్మా? నీకు పిలుపు ఉంది. నాకు బిడ్డ ఉన్నాడు. పంచుకున్నాం అనుకున్నా. ఇప్పుడు పిలుపూ నీకే, బిడ్డా నీకే, నేను మాత్రం ఆఫీసులో కూర్చుని నా నోటితో వాడిని సముద్రానికి ఒప్పజెప్పాలా? చెప్పను. పడవ లేకపోతే పోయింది. వాడుంటే చాలు. ఆపెయ్ ఇక దీన్ని.

జూన్ 3

ఆడగొంతుతో చదివించుకుని విన్నాను. ఎంత చల్లగా చదివిందో. అట్లు పోస్తున్న మాట నిజమే.

జూన్ 7, బక్రీదు

ప్రతి పండక్కీ వచ్చినట్టే నా కొడుకు వచ్చాడు. తిన్నాడు. పర్వీన్‌ని ఏడిపించాడు, వీధిలో అందరికీ సలాములు చెప్పాడు. పడవ ఊసు ఎత్తలేదు. చెప్పులు వేసుకుంటుంటే నేనే అడిగాను.

"పదిహేనో తారీఖు ఏం చేస్తావురా?"

"కిషోర్ బోటు మీద కూలీకి రమ్మన్నాడు. పోతానమ్మా. మీ ఇద్దరూ పోట్లాడుకోకండి. నాకు ఇద్దరూ కావాలి."

సొంత పడవ ఒడ్డున పెట్టుకుని పరాయి పడవ మీద కూలి. కళ్లలో నిష్ఠూరమేమీ లేదు వాడికి, నవ్వుతూనే అన్నాడు. అదే నేను ఓర్చుకోలేకపోయాను.

నేను చాటెడు తవుడుకి కొన్నది ఎందుకు? బతకడానికి. నా దగ్గర ఉంచుకోవడానికి కాదు. ఇంత చిన్న మాట తట్టడానికి పద్నాలుగేళ్లు పట్టింది, ఒక బ్యాటరీని తిట్టాల్సి వచ్చింది.

జూన్ 10

నా కొడుక్కి ఫోన్ చేశాను. "రేపు రేపల్లె ఆఫీసుకి మీ అక్కని తీసుకురా. తవుడు తెచ్చుకోమను."

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత మహాలక్ష్మి గొంతు. "తలనొప్పేమీ లేదుగా బూబమ్మా?"

"అట్లపెనం కూడా పర్వీన్‌కి ఇచ్చేశాను, రా."

జూన్ 11, బుధవారం

అన్నీ చెప్పాలి, వరసగా చెప్పాలి.

నేనూ పర్వీనూ తెనాలిలో రైలెక్కి పదింటికల్లా రేపల్లెలో దిగాం. ఆఫీసు మెట్ల దగ్గర మహాలక్ష్మి, నా కొడుకు. దాని చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో కొత్త తవుడు, ఇంకా మిల్లు వేడి ఉంది. చంకలో చీర. పద్నాలుగేళ్ల కిందటి అదే చీర, ఆకుపచ్చ, మడత దగ్గర రంగు దిగింది.

"చాటేదీ?" అన్నాను.

మహాలక్ష్మి మొహం పాలిపోయింది. బస్సులో మర్చిపోయింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

"చాట లేకుండా చెల్లదు" అని మెట్ల మీద చతికిలబడింది. సంచిలోంచి సంచిలోకి పోస్తే అది బేరమవుతుంది గానీ బిడ్డ అవడట. పదకొండున్నర అవుతోంది. ఒంటిగంటకి మేడమ్ వేరే పని మీద బాపట్ల వెళ్లాలి. బర్నబాస్ తన అర్జీల అట్ట పట్టుకొచ్చాడు. "మామ్మగారూ, ఇది పనికొస్తుందా?" పోయినసారి తిట్లు తిన్న మనిషి!

"నీ అట్ట మీద పోస్తే నా బిడ్డ ఎవరికి రెండో కొడుకవుతాడో!" అంది మహాలక్ష్మి.

జనం ఘొల్లుమన్నారు. నవ్వుతూనే నేను సంచిలోంచి దీన్ని తీశాను. తెరిచాను. వెనక్కి తోశాను, పీటలా బల్లపరుపుగా పడుకునే దాకా. రెండు చేతుల మీదా పట్టుకుని మహాలక్ష్మి ముందు చాపాను.

"పొయ్యి."

"నానీ!" అని అరిచింది పర్వీన్. "మీటల్లోకి పోతుంది నానీ! చచ్చిపోతుంది!"

"పొయ్యవే మహాలక్ష్మీ."

పోసింది. వేడి తవుడు పలక నిండా, మీటల నిండా, ఊడిన నాలుగు మీటల గుంటల నిండా. గాలికి కొంత ఎగిరి నా ముక్కులోకి పోయింది. వెలుగు తవుడు కిందనుంచి కొంచెంగా కనిపిస్తూనే ఉంది. పైన చీర పెట్టింది.

"తీసుకో" అన్నాను. "నీ బిడ్డని నువ్వు తీసుకో."

నేను ఎత్తి ఇవ్వడానికి వాడు ఇప్పుడు చాటలో పట్టేవాడా, ఆరడుగుల మనిషి. వాడే వంగి మహాలక్ష్మి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక "అక్కా" అన్నాడు. వీపు మీద ఒక్కటి వేసింది. అంత చప్పుడు నేను ఆ ఊళ్లో వినలేదు. ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది.

లోపలికి వెళ్లాం. మేడమ్ అడగక ముందే, "నా కొడుకండి! నేనే కన్నానండి! నా కొడుకు!" అని అరిచింది. పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ముప్పై తొమ్మిదేళ్ల మాట ఒక్కసారి వస్తే అలాగే ఉంటుంది.

నా వంతు. మేడమ్ దీని వైపు చూసి, "చదివించండి మామ్మగారూ" అంది.

"ఇది చెప్పదమ్మా. దీనికి నేను చెప్పలేదు."

"అయితే మీ నోటితోనే చెప్పండి."

చెప్పాను. ఒక్కసారే, గట్టిగానే చెప్పాను. ఏమన్నానో ఆఫీసు కాగితంలో ఉంది. ఇందులో మళ్లీ అననక్కర్లేదు.

వేలిముద్ర వేసేముందు ఆ కాగితం నాకు చదివి వినిపించమన్నాను. మేడమే చదివింది. ఎక్కడా సవినయముగా లేదు. బొటనవేలికి తవుడు అంటి ఉంది, ముద్రలో పొట్టు గీతలు కూడా పడ్డాయి.

వస్తుంటే మేడమ్ అంది. "ఇక రికార్డులో మీరు పోతురాజుగారి భార్య కాదండి." నా పరువు నాకు వచ్చింది. దాని సంగతే మర్చిపోయాను.

జూన్ 13

సర్టిఫికెట్ వచ్చింది! పడవ పేరు మారింది!

జూన్ 14

పర్వీన్ బ్రష్షు పెట్టి దీన్ని దులపబోయింది. చేయి మీద కొట్టాను. కొన్ని మీటలు నొక్కితే కరకరమంటున్నాయి. అననీ. వాటితో నాకు పని లేదు.

జూన్ 15, ఆదివారం

తెల్లవారేసరికి దీన్ని గుడారంలా నిలబెట్టుకుని కూర్చున్నాను. వీడియో ఫోన్ వచ్చింది. తెర నిండా నీలం పడవ. ఖాళీగా వదిలిన చోట పేరు రాసి ఉంది. పర్వీన్ చదివింది: తల్లి మహాలక్ష్మి. దాని కింద చిన్నగా ఇంకో మాట రాయించాడట, నీళ్లు తగిలే చోట. అది నాకు చదివి చెప్పొద్దని పర్వీన్‌కి సైగ చేశాను. చూస్తే చాలు.

వాడు తెరలోకి వచ్చాడు. ఏమని పిలవాలో తెలియలేదు పాపం. నోరు తెరిచి, మూసి, "ఇదిగో, చూడు, చూడు" అన్నాడు. నేను చూశాను. పక్కనే మహాలక్ష్మి సముద్రానికి కొబ్బరికాయ కొడుతూ, "అబ్బాయ్, నా కొడకా, ఇటు రారా!" అని అవసరం లేకపోయినా పదిసార్లు పిలిచింది. పిలవనీ. బాకీ పడ్డ పిలుపులు చాలా ఉన్నాయి.

పడవ దిగింది. అల ఒక్కసారి పైకెత్తింది, రెండోసారి పైకెత్తింది, మూడోసారి దాటేసింది. నేను అరిచిన అరుపుకి పక్కింటి వాళ్లు వచ్చారు.

జూన్ 16

పర్వీన్ కొత్త విద్య చూపించింది. ఒక మాట చెబితే, అది ఇందులో ఎన్ని చోట్ల ఉందో వెతికి, అన్నిచోట్లా ఒక్క దెబ్బకి ఇంకో మాట పెట్టేస్తుందట.

"నానీ, నువ్వు అన్నిచోట్లా 'నా కొడుకు' అన్నావు. ఇప్పుడు కాగితం ప్రకారం తప్పు కదా. మార్చేయనా?" ఎన్ని చోట్ల ఉందో లెక్క కూడా చెప్పింది. ఆ లెక్క ఇక్కడ చెప్పను.

"మార్చు."

మార్చింది. మొదట్నుంచీ చదవమన్నాను. ఆ రోజు మహాలక్ష్మి కొడుకు పడవ నీళ్లలోకి దిగాలి, అంది ఆడగొంతు. మహాలక్ష్మి కొడుకు అడవులదీవి నుంచి వచ్చి స్టేషన్లో నిలబడ్డాడు, అంది. ఐసు లేని చెరుకురసం దాకా విన్నాను. అన్నీ నిజాలే. ఒక్కటీ తప్పు లేదు.

"మళ్లీ వెనక్కి తిప్పొచ్చా?"

"ఒక్క మీట, నానీ."

"ఆఫీసు కాగితానికి ఆ మీట ఉంటుందా?"

"ఉండదు."

"మంచిది. దీనికి నొక్కు."

నొక్కింది. కరకరమంది.

ఇది ఆఫీసుకిచ్చేది కాదు, ఎవరూ వినేది కాదు. రాసుకో. నా కొడుకు నిన్న మొదటి వలకే రెండు పండుగప్పలు తెచ్చాడు. ఒకటి వాళ్లమ్మకి. ఒకటి ఐసు పెట్టెలో పెట్టి ఇవాళ పొద్దున రేపల్లె రైలుకి తెనాలి పంపాడు.

తల కూడా తియ్యలేదు. నాకు తలకాయ పులుసు ఇష్టమని వాడికి తెలుసు.